ప్రవేశం తరువాత, పాఠానికి ముందు: అనంతపురం పీఠభూమి నుంచి ఇంగ్లీషు స్థాయి పరీక్ష ఉద్యమ ప్రణాళిక

విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ తన ఇంగ్లీషు ఏ స్థాయిలో ఉందో తొలివారాల్లోనే తెలుసుకునే హక్కు ఉంది. ఆ స్థాయి తెలిసిన రోజు నుంచి ఆ విద్యార్థిని పాఠం అర్థమయ్యే చోటికి చేర్చే బాధ్యత విశ్వవిద్యాలయానిది. ఈ హక్కునూ ఈ బాధ్యతనూ ఒకే కాగితం మీద రాసి ప్రకటించడానికి అనంతపురం పీఠభూమిలో మేము ఒక్కటయ్యాం.

మాలో పాఠాలు చెప్పేవాళ్ళున్నారు, పాఠాలు వింటున్నవాళ్ళున్నారు. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి, ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీపట్టి డిగ్రీ గట్టెక్కినవాళ్ళున్నారు. తమ ఇంటి నుంచి మొదటిసారి కాలేజీకి బిడ్డను పంపిన తల్లిదండ్రులున్నారు. మేము కోరేది ఇది: ప్రవేశం ఖరారయ్యాక, పాఠం మొదలయ్యే ముందు, ప్రతి విద్యార్థికీ నిజాయితీ గల స్థాయి పరీక్ష జరగాలి. ఆ పరీక్షలో బయటపడ్డ ప్రతి లోటుకూ ఒక గురువును, తగినన్ని గంటలను, ఆ గంటలకు క్రెడిట్లను విశ్వవిద్యాలయం సమకూర్చాలి. కోరిక చిన్నదిగానే కనిపిస్తుంది. ఇది నెరవేరాలంటే మాత్రం విశ్వవిద్యాలయం తన విద్యార్థిని చూసే చూపు మారాలి. అందుకే దీన్ని ఉద్యమం అంటున్నాం. చదువుతున్న మీరు ఇందులో సహయాత్రికులు కావాలని కోరుతూ మా విశ్వాసాలను వరుసగా మీ ముందు పెడుతున్నాం.

మనం నిలబడ్డ చోటు

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ నేల చదువు విషయంలో ఎన్నడూ వెనకడుగు వేయలేదు. 1916లో దత్తమండలాల కళాశాల ఇక్కడ మొదలైంది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. 1946లో పుట్టిన ఇంజనీరింగ్ కళాశాల చుట్టూ 2008లో జె.ఎన్.టి.యు. అనంతపురం ఏర్పడింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర, కదిరి, ధర్మవరం, తాడిపత్రి నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకు ఉన్నత విద్య ఇవాళ చేతికందే దూరంలో ఉంది.

ఆ తలుపులు దాటి లోపలికి వచ్చిన పిల్లల ఇంగ్లీషు ఎంతో అడిగేవారు లేరు. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఈఏపీసెట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉంటాయి, ఇంగ్లీషు ఉండదు. ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. ఆ ప్రశ్నలను తెలుగులో చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల తొలి తరగతిలో కూర్చునేసరికి పుస్తకం, పాఠం, ప్రశ్నపత్రం మూడూ ఇంగ్లీషైపోతాయి. డిగ్రీ సీటు ఇంటర్ మార్కులను బట్టి వస్తుంది. రాష్ట్రంలోని డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే నడవాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించింది. అంతకుముందు ఏడాది డిగ్రీలో చేరినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు తెలుగు మాధ్యమాన్ని ఎంచుకున్నవాళ్ళే. మాధ్యమం ఒక్క ఉత్తర్వుతో మారింది. ఆ మార్పును విద్యార్థి ఎలా దాటుతున్నాడో చూసే ఏర్పాటు మాత్రం రాలేదు.

కొలత జరగడం లేదని కాదు, చివర జరుగుతోంది. ఆఖరి ఏడాది క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ ఒక వెర్బల్ పరీక్ష పెడుతుంది, పది నిమిషాలు మాట్లాడిస్తుంది, జాబితా అంటిస్తుంది. విద్యార్థి ఇంగ్లీషును నిజంగా కొలిచిన మొదటి పరీక్ష చాలాసార్లు అదే. ఆ ఫలితం పట్టుకుని నేర్చుకోవడానికి అప్పటికి సెమిస్టర్లు మిగలవు. అదే కొలత తొలి పక్షంలో జరిగితే విద్యార్థి చేతిలో మూడేళ్ళో నాలుగేళ్ళో ఉంటాయి. మా ఉద్యమం ఆ కొలతను చివరి నుంచి మొదటికి తెస్తుంది. దానికి స్థలం ఇప్పటికే సిద్ధంగా ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని ఏఐసీటీఈ 2017లో ప్రవేశపెట్టింది. ఇంగ్లీషు వంటి లోటుపాట్లను గుర్తించి సరిదిద్దడానికి అందులో చోటిచ్చింది. మిగతా ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ 2019లో దీక్షారంభ్ అనే పరిచయ కార్యక్రమాన్ని తెచ్చింది. స్వాగతోపన్యాసాల మధ్య ఖాళీగా ఉన్న ఆ గంటలను మేము అర్థవంతంగా నింపదలిచాం.

మా విశ్వాసాలు

1. ఫలితం విద్యాసంస్థను కట్టిపడేయాలి.

రైతు పొలంలో మట్టి తీసి భూసార పరీక్షకు పంపేది ఆ పొలానికి ఏం వేయాలో తెలుసుకోవడానికి. నత్రజని తక్కువని తేలితే భూమిని వదిలేసే రైతు ఈ సీమలో లేడు. స్థాయి పరీక్ష గురించి మేము చెప్పేదంతా ఆ పద్ధతిలోనే ఉంది. ఒక విద్యార్థికి విని అర్థం చేసుకునే శక్తి తక్కువని తేలితే, ఆ రోజు నుంచి ఆ కాలేజీ ఒక వినికిడి తరగతి బాకీ పడినట్టు. రాత బలహీనంగా ఉంటే, దిద్దిపెట్టే మనిషిని బాకీ పడినట్టు. బాకీ తీర్చే ఏర్పాటు లేకుండా పరీక్ష పెట్టడం పిల్లల మనసు మీద వృథా భారం మోపడమే. ఆ పరీక్షను మేమే మొదట వ్యతిరేకిస్తాం. పరీక్ష, బోధన రెండూ ఒకే ఉత్తర్వులో, ఒకే బడ్జెట్‌లో రావాలి.

2. ఈ పరీక్ష ఎవరినీ వెనక్కి పంపదు.

సీటు వచ్చాకే పరీక్ష జరుగుతుంది. దాని ఫలితం వల్ల సీటు పోదు, బ్రాంచి మారదు, స్కాలర్‌షిప్ ఆగదు. భాష రానివాణ్ణి చేర్చుకుని, నేర్పించి, ఆ తర్వాత పని అప్పగించే సంప్రదాయం ఈ దేశంలో కొత్తది కాదు. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల స్థాపించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ యువ ఉద్యోగులు అక్కడ దక్షిణాది భాషలు చదివేవారు. వాళ్ళకు పండితులను పెట్టారు, గడువిచ్చారు. పరీక్ష నెగ్గితే జీతం పెంచారు. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడే వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపకు వచ్చాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగు రాకుండా వచ్చిన ఆ యువకుణ్ణి ఎవరూ మందబుద్ధి అనలేదు. గురువునూ సమయాన్నీ జీతాన్నీ ఇచ్చి నేర్పించారు. పరాయి పాలన తన ఉద్యోగికి ఇచ్చిన ఆ మర్యాదను స్వతంత్ర దేశపు విశ్వవిద్యాలయం తన బిడ్డకు ఇవ్వాలి.

3. తెలుగులో వచ్చిన జ్ఞానం సంపూర్ణ జ్ఞానం.

న్యూటన్ సూత్రాలను తెలుగులో గ్రహించిన విద్యార్థికి న్యూటన్ సూత్రాలు వచ్చినట్టే. అతనికి కావలసింది ఆ తెలివిని ఇంకో భాషలో పలికే దారి. పైగా ఈ పీఠభూమి ఒక్క భాషది కాదు. మడకశిర, రాయదుర్గం వైపు పల్లెల్లో కన్నడం ఇంటి భాష. హిందూపురం, కదిరి వీధుల్లో ఉర్దూ వినిపిస్తుంది. సుగాలి తండాల పిల్లలు గోర్‌బోలి మాట్లాడుతూ పెరిగి తెలుగులో బడికెళతారు. వాళ్ళకు ఇంగ్లీషు మూడోదో నాలుగోదో అవుతుంది. ఇన్ని భాషలు నేర్చిన పిల్లలను ‘భాష రానివాళ్ళు’గా లెక్కగట్టే కొలమానాన్ని మేము అంగీకరించం. కాబట్టి స్థాయి పరీక్ష సూచనలు ఇంగ్లీషుతో పాటు తెలుగులో, కోరినవారికి కన్నడ, ఉర్దూలలో ఉండాలి. చదివి అర్థం చేసుకునే విభాగంలో విద్యార్థి జవాబును తన భాషలో రాయగలగాలి. అప్పుడే అర్థం కాకపోవడానికీ రాయలేకపోవడానికీ మధ్య తేడా బయటపడుతుంది. ఈ రెంటికీ మందు వేరు.

4. పరీక్షలో విద్యార్థి ముందున్న చదువే కనిపించాలి.

ఖాళీలు పూరించే వ్యాకరణ ప్రశ్నలు విద్యార్థి తరగతిని తట్టుకోగలడో లేదో చెప్పవు. ఇంటర్ మార్కుల జాబితాలో ఇంగ్లీషుకు ఎదురుగా ఉన్న అంకె కూడా చెప్పదు. బట్టీపట్టిన వ్యాసానికీ సొంతంగా కట్టిన వాక్యానికీ అక్కడ తేడా ఉండదు. మేము ప్రతిపాదించే పరీక్షలో నాలుగు భాగాలున్నాయి. మొదటిది వినడం: ఇక్కడి అధ్యాపకుడు ఇక్కడి ఉచ్చారణతో చెప్పిన అసలైన పాఠంలోంచి కొన్ని నిమిషాలు. రెండోది చదవడం: మొదటి సెమిస్టర్ పుస్తకంలో ఒక పేజీ, ఇంజనీరింగ్ వారికి భౌతికశాస్త్రం, కామర్స్ వారికి ఒక లెడ్జరు వివరణ, చరిత్ర వారికి ఒక పేరా. మూడోది రాయడం: చదివినదాని సారాంశం అయిదారు వాక్యాల్లో. నాలుగోది మాట్లాడడం: ఒక అధ్యాపకుడితో ఎదురెదురుగా కూర్చుని, తనకు బాగా తెలిసిన సంగతి మీద కొద్దిసేపు. ఆ సంగతి బిందుసేద్యం కావచ్చు, పట్టుమగ్గం కావచ్చు, క్రికెట్ కావచ్చు. నాలుగింటినీ కలిపి ఒక్క మార్కుగా కూడకూడదు. చదవడంలో గట్టివాడు, మాటలో కొత్తవాడు అయిన విద్యార్థి ఈ సీమలో అడుగడుగునా కనిపిస్తాడు. ఆ ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారని ఫలితం చూపించాలి.

5. ఏ ఒక్క పరీక్షా తుది మాట కాదు.

ప్రపంచ అనుభవం మాకు ఒక హెచ్చరికనూ ఒక ఆశనూ ఇచ్చింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ దశాబ్దాలపాటు కొత్త విద్యార్థులకు ఇంగ్లీషు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టింది. అందులో తక్కువ వచ్చినవాళ్ళు డిగ్రీకి లెక్కలోకి రాని అదనపు కోర్సులు చదవాల్సి వచ్చేది. చివరికి 2017లో ఒక కార్యనిర్వాహక ఉత్తర్వుతో ఆ పరీక్షనూ, క్రెడిట్లు లేని ఆ కోర్సులనూ తొలగించి, 2018 నుంచి హైస్కూలు మార్కులతో సహా అనేక ఆధారాలను కలిపి చూడడం మొదలుపెట్టారు. సాయం అందాల్సిన వారిని క్రెడిట్ల గడప బయటే నిలబెడితే ఆ పరీక్ష నిలవదన్నది మేము నేర్చుకున్న పాఠం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం ఇంకో దారి చూపింది. అక్కడి డెల్నా అనే పరీక్షను ప్రవేశం పొందాక పెడతారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు కూడా దాన్ని రాస్తారు. మొదట చిన్న వడపోత, అవసరమైనవారికి ఆపైన లోతైన పరిశీలన, ఆ తర్వాత భాషా సలహాదారుతో ముఖాముఖి. మా పద్ధతి ఈ రెండో దారికి దగ్గర. పరీక్షతో పాటు అధ్యాపకుని అభిప్రాయాన్నీ, విద్యార్థి తన గురించి తాను చెప్పుకున్న మాటనూ పరిగణించాలి. ప్రతి సెమిస్టర్ చివర మళ్ళీ కొలవాలి. పై తరగతికి వెళ్ళే దారి ఏడాది పొడవునా తెరిచే ఉండాలి.

6. భాషను బట్టి మనుషులను విడదీయరాదు.

తెలుగు మీడియం బెంచీల మీద ఎవరు కూర్చుంటారో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. దళిత వాడల నుంచి, తండాల నుంచి, వలస కూలీల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. కొడుకును ప్రైవేటు ఇంగ్లీషు బడికి, కూతురిని ఊరి బడికి పంపిన ఇళ్ళ ఆడపిల్లలు. స్థాయి పరీక్షను సెక్షన్లు విడగొట్టడానికి వాడితే అది కులాన్నీ లింగాన్నీ తరగతి గదిలోకి కొత్త పేరుతో తెచ్చినట్టే అవుతుంది. అందుకే మా నియమం కఠినంగా ఉంది. గణితం, రసాయనం, ఆర్థికం, ప్రయోగశాల, ప్రాజెక్టు అన్నీ అందరూ కలిసే చదవాలి. ఇంగ్లీషు గంటలో మాత్రమే స్థాయిని బట్టి చిన్న బృందాలు. బృందాలకు అంకెలూ అక్షరాలూ పెట్టకూడదు. ఫలితాలు నోటీసు బోర్డు ఎక్కకూడదు; విద్యార్థికీ అతని సలహాదారుకీ మాత్రమే తెలియాలి. ఏ కంపెనీకీ ఏ స్కాలర్‌షిప్ కార్యాలయానికీ ఆ కాగితం అందకూడదు.

7. నేర్పే గంటలకు విలువ కట్టాలి, నేర్పే పద్ధతి మారాలి.

సాయంత్రం బస్సు వెళ్ళిపోయే వేళకు పెట్టే రెమిడియల్ క్లాసు ఊరి నుంచి వచ్చే పిల్లకు అందదు. స్థాయి బోధన ఉదయపు కాలపట్టికలో ఉండాలి, దానికి పూర్తి క్రెడిట్లు ఉండాలి. ఇక పద్ధతి విషయానికొస్తే, మన పొరుగునే ఒక గొప్ప ప్రయోగం జరిగింది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా దక్షిణాది పాఠశాలల్లో దాన్ని నడిపారు. వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించే బదులు పటాలు, రైళ్ళ వేళలు, చిన్న చిన్న సమస్యలు ఇచ్చి వాటిని ఇంగ్లీషులో పరిష్కరింపజేశారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతట అదే పట్టుబడుతుందన్నది ఆ ప్రయోగానికి పునాది. 1987లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. మా తరగతుల్లో ఇంగ్లీషు అలాగే సాగుతుంది. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం తయారుచేసిన కదిరి లేపాక్షి వేరుశనగ రకం గురించి ఇంగ్లీషులో ఉన్న నివేదికను చదివి, అందులోని సంగతిని ఇంట్లో నాన్నకు తెలుగులో చెప్పి, నాన్న అడిగిన ప్రశ్నను మళ్ళీ ఇంగ్లీషులో రాసుకురావడం మాకు ఒక పాఠం. బ్యాంకు రుణపత్రం, బీమా నిబంధన, వర్షపాతపు పట్టిక కూడా పాఠాలే.

వయసు మీరాక భాష రాదనే మాటకు జవాబు ఈ ఊరిలోనే ఉంది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో నడిపే విదేశీ భాషల పాఠశాలలో పల్లెల పేదింటి పట్టభద్రులు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకుంటున్నారు. పూర్తికాలం బోధన, నమ్మకమున్న గురువు దొరికితే ఇరవై ఏళ్ళు దాటాక కూడా కొత్త భాష వస్తుంది.

8. అధ్యాపకుని భాష కూడా చర్చకు రావాలి.

విద్యార్థి స్థాయిని మాత్రమే కొలిచి అధ్యాపకుని మాటను అడగకపోతే కథ సగమే. తొలి సంవత్సరంలో ప్రతి అధ్యాపకుడూ కొత్త భావనను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పాలని, రెండు పరిభాషలనూ బోర్డు మీద పక్కపక్కన రాయాలని మేము కోరుతున్నాం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తరాల తరబడి ఇంటర్, డిగ్రీ పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. ఆ పుస్తకాల్లోని పరిభాష విద్యార్థి అప్పటికే తెచ్చుకున్న ఆస్తి. దాన్ని ఇంగ్లీషు పరిభాషకు జతచేసే చిన్న పదకోశం ప్రతి సబ్జెక్టుకూ కావాలి. దాన్ని తయారుచేసే పని ఆ సబ్జెక్టు పై తరగతి విద్యార్థులకు అప్పగించాలి, దానికీ క్రెడిట్లివ్వాలి. తరగతిలో తెలుగు వినిపించినందుకు ఏ అధ్యాపకుడూ సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి ఉండకూడదు.

9. ఈ పరీక్ష మన చేతుల్లో ఉండాలి.

రాష్ట్ర పాఠశాలల్లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షల కోసం 2023లో ప్రభుత్వం అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. పిల్లలకు ఇంగ్లీషు కొలత కావాలన్న అవసరాన్ని ఆ నిర్ణయం గుర్తించింది. విశ్వవిద్యాలయాల విషయంలో మేము ఇంకో అడుగు ముందుకు వేస్తున్నాం. అనంతపురం విద్యార్థి ఏ సెమిస్టర్‌లో ఏ పుస్తకం దగ్గర ఆగిపోతాడో ఆ పుస్తకం చెప్పేవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి ఈ పీఠభూమిలోని విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖలు, సబ్జెక్టు శాఖలు కలిసి ప్రశ్నలు రాయాలి. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా పుట్టి నేడు ఇఫ్లూగా ఉన్న విశ్వవిద్యాలయం ఇంగ్లీషు బోధకులకు శిక్షణనిస్తూ వస్తోంది. ప్రశ్నల నాణ్యతను సరిచూసే సాయం అక్కడి నుంచి తీసుకోవాలి. ప్రశ్నల నిధి అందరికీ ఉమ్మడి ఆస్తిగా, ఉచితంగా ఉండాలి. విద్యార్థి దగ్గర ఒక్క రూపాయి కూడా ఫీజుగా తీసుకోకూడదు.

మేము కట్టబోయే రేపు

ఈ విశ్వాసాలు వేళ్ళూనుకున్న విశ్వవిద్యాలయం మా కళ్ళకు స్పష్టంగా కనిపిస్తోంది.

అక్కడ ఆగస్టు నెలలో కొత్త విద్యార్థి సలహాదారు ఎదుట కూర్చుంటుంది. తన చేతిలోని కాగితం మీద నాలుగు వరుసలుంటాయి. చదవడంలో తను బలంగా ఉందని, వినడంలో సాయం కావాలని ఆ వరుసలు చెబుతాయి. ఆ కాగితాన్ని దాచుకోవాల్సిన అవసరం ఆమెకు ఉండదు, ఎందుకంటే పక్కన కూర్చున్న కార్పొరేటు కాలేజీ కుర్రాడి కాగితం మీదా ఒక లోటు రాసి ఉంటుంది. అతను బాగా మాట్లాడతాడు, రాత కుదరదు. ఇద్దరూ వేర్వేరు ఇంగ్లీషు బృందాలకు వెళ్ళి, తిరిగి ఒకే ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర నిలబడతారు. ఆమె లెక్కల్లో అతనికి సాయం చేస్తుంది, అతను మాటల్లో ఆమెకు సాయం చేస్తాడు.

అక్కడ రెండో సెమిస్టర్‌కే ప్రశ్న అడిగే గొంతులు పెరుగుతాయి. మొదటి వాక్యం తెలుగులో మొదలై రెండోది ఇంగ్లీషులోకి మారినా తరగతి నవ్వదు. ఇంగ్లీషు అర్థంకాక మిగిలిపోయే బ్యాక్‌లాగులు తగ్గుతాయి, ఎందుకంటే తెలిసిన జవాబు రాయలేక ఆగిపోయే విద్యార్థిని తొలి నెలలోనే గుర్తించి ఉంటారు. మధ్యలో చదువు మానేసి బెంగళూరు కూలిపనుల బస్సెక్కాలన్న ఆలోచన హాస్టలు గదుల్లోకి రాదు.

అక్కడి నుంచి వచ్చే ఇంజనీరు పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో యంత్రం సూచనలను ఇంగ్లీషులో చదివి, తోటి కార్మికులకు తెలుగులో, కన్నడంలో వివరిస్తాడు. అక్కడి నుంచి వచ్చే వైజ్ఞానికురాలు కరువును తట్టుకునే పంటల మీద ప్రపంచ పత్రికలకు వ్యాసాలు రాస్తుంది, ఆ సారాన్ని రైతు సభలో తెలుగులో చెబుతుంది. అక్కడి నుంచి అమెరికాకు వెళ్ళే విద్యార్థికి ఇలినాయ్ వంటి విశ్వవిద్యాలయాలు చేరాక పెట్టే ఇంగ్లీషు స్థాయి పరీక్ష కొత్తగా కనిపించదు, భయపెట్టదు; సొంత ఊరిలో అలాంటిదే గౌరవంగా రాసి వచ్చి ఉంటాడు. ఇంగ్లీషు వచ్చినందువల్ల తెలుగు తగ్గని తరం అది. రెండు భాషల్లో ఆలోచించి, రెండు వైపులా జవాబు చెప్పగల తరం.

మా తొలి కార్యక్రమం

వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఈ పనులు జరగాలని మేము కోరుతున్నాం, అందుకోసం పనిచేస్తాం.

పాత అనంతపురం జిల్లా పరిధిలోని ప్రతి విశ్వవిద్యాలయ కళాశాల తన పరిచయ కార్యక్రమంలో రెండు రోజులు స్థాయి పరీక్షకు కేటాయించాలి. ప్రతి కళాశాలలో ఒక భాషా సలహాదారు ఉండాలి, వారానికి నిర్ణీత గంటలు విద్యార్థులకు అందుబాటులో ఉండాలి. మొదటి రెండు సెమిస్టర్లలో స్థాయి బోధనకు క్రెడిట్లు ఇస్తూ పాలకమండళ్ళు తీర్మానించాలి. ఏడాది చివర ఎంతమంది ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి చేరారో, పేర్లు లేకుండా, కళాశాలలు బహిరంగంగా ప్రకటించాలి. అందులో కదలిక కనిపించకపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది కళాశాల. ఇంటర్ ఉపాధ్యాయులతో ఏటా ఒక సమావేశం జరగాలి. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో విశ్వవిద్యాలయం వాళ్ళకు చెప్పాలి, ఎందుకు ఆగుతున్నారో వాళ్ళ దగ్గర వినాలి.

మా సభ్యులు మూడు పనులకు కట్టుబడుతున్నారు. అధ్యాపకులు తమ సబ్జెక్టులోంచి ప్రశ్నలు రాసి ఉమ్మడి నిధికి ఇస్తారు. పై తరగతి విద్యార్థులు కొత్తవారికి వారానికో గంట ఇంగ్లీషులో మాట్లాడే తోడుగా ఉంటారు. పట్టభద్రులు తమ ఊళ్ళలోని ఇంటర్ కళాశాలలకు వెళ్ళి, ఇంగ్లీషు రాదన్న భయంతో చదువు ఆపవద్దని, అది నేర్పే బాధ్యత పైన ఉన్నవాళ్ళదని చెబుతారు.

మీకు మా పిలుపు

మీరు లెక్చరరైతే, ఈ సెమిస్టర్ మొదటి వారంలో మీ పుస్తకంలోని ఒక పేజీ విద్యార్థులకిచ్చి, అర్థమైనంత తెలుగులో రాయమనండి. చదివాక మీకే తెలుస్తుంది ఎవరికి ఏం కావాలో. మీరు విద్యార్థైతే, మీ స్థాయి ఎంతో చెప్పమని, చెప్పాక నేర్పమని కాలేజీని లిఖితపూర్వకంగా అడగండి. అది మీ హక్కు. మీరు తల్లిదండ్రులైతే, ఫీజు రసీదు అడిగినట్టే ఈ ఏర్పాటు గురించి అడగండి. మీరు పాలకమండలిలో ఉంటే, ఒక తీర్మానం, కొన్ని గంటలు, కొందరు గురువులు చాలు, మొదలుపెట్టండి.

ఇంగ్లీషు రావడం ప్రతిభకు కొలత కాదు. ఇంగ్లీషు నేర్పడం మాత్రం విశ్వవిద్యాలయానికి తప్పకుండా కొలతే. ఆ కొలతకు నిలబడే విద్యాలయాన్ని ఈ కరువు సీమలో కట్టడానికి రండి. మీ పేరు, మీ గంట, మీ ప్రశ్న ఈ ఉద్యమానికి కావాలి.